అర గీత తెచ్చిన చిక్కు

1966లో అమెరికన్ ఇంజినీరు రాల్ఫ్ బేర్‌కు ఒక ఆలోచన తట్టింది. ఇంటింటా ఉన్న టీవీని చూడడానికే ఎందుకు వాడాలి, ఆడుకోవచ్చు కదా అని. అప్పటి టీవీలోకి బొమ్మ పంపాలంటే యాంటెన్నా తీగే దారి. అందుకని ఆయన యంత్రం తనే ఓ బుల్లి ప్రసార కేంద్రమై, ఖాళీ ఛానల్లోకి ఆటను పంపింది. 1972లో అది మాగ్నవాక్స్ ఒడిస్సీగా మార్కెట్లోకి వచ్చింది.

తర్వాతి కన్సోళ్లు మరో ఉపాయం పన్నాయి. అమెరికా, జపాన్ టీవీల్లో బొమ్మకు 525 గీతలు. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు, విడతకు 262న్నర చొప్పున గీస్తారు. ఆ అర గీత వల్లే రెండో విడత మొదటి గీతల సందుల్లో పడుతుంది. నింటెండో, సెగా యంత్రాలు ఆ అర గీతను వదిలేసి 262 గీతలే పంపాయి. దాంతో ప్రతి విడతా పాత గీతల మీదే పడింది. వివరం సగమైనా బొమ్మ వణకడం మానింది. ఆటకు సెకనుకు 60 పూర్తి బొమ్మలు దక్కాయి. తెరపై కనిపించే గీతల లెక్కన దీన్నే 240పీ అంటారు.

చదును తెరలు వచ్చాక ఆ ఉపాయమే చిక్కయింది. చాలా ఎల్‌సీడీ టీవీలు ఆ పూర్తి బొమ్మలను సగం సగం బొమ్మలనుకుని రెండేసి కలిపేస్తాయి. దెబ్బతిన్న హీరో ఒక ఫ్రేములో కనిపించి మరోదాంట్లో మాయమవుతూ మిణుకుమనాలి. ఈ కలయికలో అతడు చారలుగా చీలిపోతాడు. పైగా కలపడానికి సమయం పడుతుంది. బటన్ నొక్కాక దూకడం ఆలస్యమైతే గోతిలో పడడమే.

2011లో జపాన్ సంస్థ మైకామ్‌సాఫ్ట్ తెచ్చిన ఫ్రేమ్‌మీస్టర్ అనే పరికరం, 240పీని సరిగ్గా గుర్తించి హెచ్‌డీఎంఐకి మార్చింది. కానీ బొమ్మను మెమరీలో నిలిపి పెంచడంతో కొంత ఆలస్యం మిగిలింది. ఆ మిగిలినదాన్నీ తీసేసే దారి మార్కస్ హీయెన్‌కారి రూపొందించిన ఓఎస్‌ఎస్‌సీ అనే పరికరం చూపింది. బొమ్మంతా వచ్చేదాకా అది ఆగదు. ఆర్‌జీబీ తీగలో వచ్చిన గీతను వచ్చినట్టే నాలుగైదు సార్లు తిప్పి పంపుతుంది. 240 గీతలు నాలుగింతలైతే 960. ఆలస్యం ఉందా అంటే లేదనే చెప్పాలి. దాని నక్షా, కోడు ఎవరైనా చూసి వాడుకునేలా బయటపెట్టారు. పాత ఆటలకు అంతకన్నా మేలైన కానుక లేదు.

బొమ్మ తుపాకీని తెరకు గురిపెట్టి ఆడే ఆటలకు మాత్రం ఇదీ చాలదు. ఉదాహరణకు బాతులను కాల్చే ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి వెలుగుతుంది. తుపాకీ ఆ వెలుగును ఆ క్షణంలోనే చూడాలి. ఎల్‌సీడీ టీవీ దాన్ని ఆలస్యంగా చూపడంతో గురి తప్పినట్టే లెక్క. అందుకే ఇంట్లో పనిచేసే డబ్బా టీవీ ఉంటే పాత సామాన్లవాడికి వేసేయకండి.