సంధి ప్రేలాపన, ఒక కళ్ళజోడు

మా తాతయ్యది దుమ్ముగూడెం వైపు ఊరు. భద్రాచలం దాటి గోదారి వెంబడే పోతుంటే వస్తుంది. నాలుగేళ్ళ క్రితం ఆయనకి నిమ్ము చేస్తే ఖమ్మంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అప్పటికి ఎనభై రెండేళ్ళు. కర్ర పట్టుకుని ఎవరి సాయం లేకుండా కారెక్కాడు. మూడో రోజు రాత్రి ఐసీయూలో సెలైన్ పీకేసుకుని "ఎడ్లు చేలో పడ్డయ్, తోలండ్రా" అని ఒకటే కేకలట. పొద్దున మేం లోపలికి వెళ్ళేసరికి చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. పన్నెండో రోజు డిశ్చార్జి చేశారు. నిమ్ము పూర్తిగా తగ్గింది. మనిషి మాత్రం మళ్ళీ లేచి నడవలేదు.

"వయసు కదా బాబూ" అన్నారు. మేమూ అదే అనుకున్నాం. మా వైపు దీన్ని సంధి కొట్టడం అంటారు. జ్వరం నెత్తికెక్కితే వస్తుంది, పోతుంది అనుకుంటారు. ఆ పన్నెండు రోజులూ ఆయన కళ్ళజోడూ, చెవి మిషనూ నా లాప్‌టాప్ బ్యాగులో భద్రంగా ఉన్నాయి. ఐసీయూలో పోతాయని సిస్టరు నా చేతికిచ్చింది. నేను బుద్ధిగా దాచాను.

మన వృత్తిలో ప్రొడక్షన్ కూలిపోతే మూలకారణం వెతక్కుండా వదలం కదా. ఆ అలవాటుతోనే కొన్నాళ్ళ తర్వాత వెతకడం మొదలెట్టాను. తేలిందేంటంటే ఈ బగ్ చాలా పాతది, చాలామంది ముందే రిపోర్టు చేశారు.

1935లో లండన్ దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మకి పక్కనున్న బీదల ఆసుపత్రిని అప్పజెప్పారు. 714 మంది రోగులు. ఎక్కువమంది ముసలివాళ్ళు, ఏళ్ళ తరబడి మంచం దిగనివాళ్ళు. ఇక బాగుపడరని రాసేసినవాళ్ళే. ఆవిడ చేసింది ఏ కొత్త మందో కనిపెట్టడం కాదు. ఒక్కొక్కర్నీ విడివిడిగా పరీక్ష చేసి, వార్డులో వెలుతురు పెంచి, పక్షవాతం వచ్చినవాళ్ళని కూడా లేపి నడిపించడం. చాలామంది ఇళ్ళకి వెళ్ళిపోయారు. వృద్ధుల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా నిలబడటానికి ఇది పునాది. 1947లో రిచర్డ్ ఆషర్ అనే ఇంకో ఇంగ్లీషు డాక్టరు, మంచంమీద పడుకోబెట్టడం వల్ల ఒంట్లో ఏయే భాగం ఎలా పాడవుతుందో ఏకరువు పెడుతూ బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఒక వ్యాసం రాశాడు. (ఈయన కూతురు జేన్ ఆషర్, బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ ఒకప్పటి ప్రియురాలు. సందర్భం లేకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను.)

మరి సంధి సంగతి? డాక్టర్లు డెలీరియం అనేది దాన్నే. 1990లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ ఇనోయె, తన సహచరులతో కలిసి దాన్ని కొద్ది నిమిషాల్లో గుర్తుపట్టే పద్ధతి ఒకటి తయారుచేసింది. 1996లో, ఆసుపత్రిలో చేరాక ఏ కారణాలవల్ల ఇది వస్తోందో లెక్కతీసింది. కట్టేయడం, తిండి సరిగా లేకపోవడం, ఒక్కసారిగా మూడుకి మించి కొత్త మందులు మొదలెట్టడం, మూత్రానికి గొట్టం వేయడం, వైద్యం వల్లే జరిగే ఏదో ఒక హాని. ఈ జాబితా చదివి నేను కాసేపు మానిటర్ ఆపేసి కూర్చున్నాను. కేకలేస్తున్నాడని కట్టేశారని అనుకున్నాం గానీ, కట్టేస్తే కేకలు ఎక్కువవుతాయని ఎవరికి తట్టింది?

1999లో ఆవిడ బృందం 852 మందిపై చేసిన పరిశోధన ఇంకా ముఖ్యమైనది. అందరూ డెబ్భై దాటినవాళ్ళే. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దానితోపాటు ఇంకొన్ని చేశారు: కళ్ళజోడు పెట్టడం, వినికిడి యంత్రం ఇవ్వడం, రోజూ నడిపించడం, నీళ్ళు తాగించడం, ఇవాళ ఏ వారమో ఎక్కడున్నారో చెబుతూ కబుర్లాడటం, రాత్రిపూట నిద్రమాత్రకి బదులు వేడి పాలిచ్చి వీపు రాయడం. వీటిలో చాలావరకు చేసింది శిక్షణ తీసుకున్న వాలంటీర్లు. మామూలు వైద్యం అందినవాళ్ళలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, వీళ్ళలో 9.9 శాతానికే వచ్చింది. అయితే ఒకసారి వచ్చేశాక ఈ పనులవల్ల దాని తీవ్రత తగ్గలేదు. రాకముందే చెయ్యాలి. అంటే మూడో రాత్రి తర్వాత కళ్ళజోడు పట్టుకుని పరిగెత్తినా పెద్ద లాభం ఉండేది కాదేమో. మొదటి రోజే ఆయన ముక్కు మీద ఉండాల్సింది.

ఇప్పుడు భద్రాచలం ఏరియా ఆసుపత్రి గుర్తు తెచ్చుకోండి. చింతూరు, కూనవరం, అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా జనం వస్తారు. ప్రతి మంచం పక్కన ఒక మనిషి, ఒక చాప, ఒక టిఫిన్ క్యారియర్. ముసలమ్మకి జావ తాగించేది, బాత్రూముకి నడిపించేది, రాత్రి పక్కన పడుకునేది ఆ మనిషే. మనం దాన్ని పేదరికం అనుకుంటాం, రద్దీ అనుకుంటాం. కాస్త డబ్బు చేతిలో ఆడగానే అటెండెంట్లని బయటే ఆపేసే ఏసీ ఐసీయూ వెతుక్కుంటాం. యేల్‌లో వాలంటీర్లని వెతికి తర్ఫీదిచ్చి తెచ్చుకున్న పనిని మనం సెక్యూరిటీ గార్డుని పెట్టి ఆపిస్తున్నాం!

ఇది నా ఊహ మాత్రమే అనుకునేవాళ్ళకి: 2012లో చిలీ దేశంలో 287 మందిమీద అచ్చంగా ఇదే పరీక్షించారు. వాలంటీర్లు లేరు, ఇంట్లోవాళ్ళే. వాళ్ళకి ముందు కాస్త వివరించి, గదిలో గడియారం, క్యాలెండరు పెట్టి, కళ్ళజోడు, కట్టుడుపళ్ళు తియ్యకుండా ఉంచి, ఇంటినుంచి తెలిసిన వస్తువులు తెప్పించి, పక్కన కూర్చునే సమయం పెంచారు. డెలీరియం 13.3 నుంచి 5.6 శాతానికి దిగింది. అలాగని మన అటెండెంట్ వ్యవస్థ గొప్పదని పొగడను. ఆ పక్కనుండే మనిషి ఎప్పుడూ కోడలో కూతురో, కూలి పోగొట్టుకుని వస్తుంది, ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ చెప్పరు.

మన అడవి అంచున ఇంకో చిక్కుంది, భాష. కోయ మాత్రమే వచ్చిన పెద్దాయన్ని తెలుగులో "ఇవాళ ఏ తేదీ?" అని అడిగి, చెప్పలేకపోతే మతి తప్పిందని రాసుకుంటే ఎలా? హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో పరిశోధకులకి ఇదే సమస్య ఎదురైతే, చదువురాని పల్లెటూరి వృద్ధులకి సరిపోయేలా మతి పరీక్షని మార్చి 1995లో ప్రచురించారు. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఆ జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో రాసింది. చదువురానివాళ్ళలో కూడా! కోయ, తెలుగు రెండూ మాట్లాడుతూ పెరిగిన మన సరిహద్దు మండలాలవాళ్ళని ఎవరైనా ఇలా పరిశీలిస్తే బాగుండు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనలేం. మద్రాసులో వి.ఎస్. నటరాజన్ 1978లోనే వృద్ధులకి విడిగా ఓపీ మొదలెట్టారు. 2010-11లో కేంద్రం జాతీయ కార్యక్రమం తెచ్చింది, జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకి 10 పడకల వార్డు అందులో భాగం. పడకలు సరే, పక్కన ఎవరుండాలన్నది అసలు ప్రశ్న.

పోయినేడు నాయనమ్మకి తుంటి ఎముక విరిగింది. ఈసారి ముందే డ్యూటీ డాక్టర్ని రెండు అడిగాను. కళ్ళజోడు తియ్యకుండా ఉంచుతారా? రాత్రి ఐసీయూలో అమ్మ పక్కన కూర్చోవచ్చా? మొదటిదానికి సరేనన్నాడు. రెండోదానికి రూల్స్ ఒప్పుకోవన్నాడు. పదకొండింటిదాకా వాదిస్తే అమ్మకి తలుపు దగ్గర కుర్చీ వేశారు, నాయనమ్మకి కనబడేలా.