వంత ఆగిన పాట

అల్వాల్ భూదేవినగర్‌లో తాను పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే గద్దర్ నిద్రపోతున్నాడు. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూస్తే, బతుకంతా ఏ రాజ్యం మీద పాట కట్టాడో ఆ రాజ్యమే అధికార లాంఛనాలతో సాగనంపింది. ఆ రోజు జనం ఒక మహాగాయకుడికి వీడ్కోలు పలికారు. ఆయన వెనక నిలబడి పాడిన దళం మాత్రం అంతకు చాలాముందే, ఊరేగింపు లేకుండా, చెదిరిపోయింది.

తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్ మొదట బుర్రకథలు చెప్పేవాడు. ఆయన్ని బి.నర్సింగరావు ఆర్ట్ లవర్స్ బృందంలోకి పిలిచాడు. 1972లో అది జన నాట్య మండలి అయింది. తొలి పాటల సంకలనానికి బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ గదర్ పార్టీ వీరుల స్మృతిలో ‘గద్దర్’ అని పేరు పెట్టారు. జనం ఆ పేరునే విఠల్‌కు ఇచ్చేశారు. పది మంది పాటల మూటకు పెట్టిన పేరు ఒక మనిషిది కావడంతోనే ఈ కథలోని వెలుగూ విషాదమూ మొదలయ్యాయి.

ఆ పాట ఎట్లా పుట్టేదో తెలిస్తేగాని పోయిందేమిటో తెలియదు. బాణీ ఊరిదే. నాట్లేసే ఆడవాళ్ల దగ్గర, ఒగ్గుకథ చెప్పేవాళ్ల దగ్గర, డప్పు మాదిగల దగ్గర దొరికిందే. గోచి, గొంగడి, కాళ్లకు గజ్జెలు అన్నీ వినేవాళ్లవే. ఒకరు చరణం ఎత్తుకుంటే దళం వంత అందుకునేది, రెండో చుట్టుకు ఊరంతా గొంతు కలిపేది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు వేరే యాసను, వేరే దరువును తెచ్చి కలిపాడు. సంజీవ్, డప్పు రమేశ్ లాంటివాళ్లు ఆ దరువుకు ఊపిరి పోశారు. తర్వాత ఆ పాటలు క్యాసెట్లకెక్కి, సభ జరగని ఊళ్లకూ చేరాయి.

1985లో కారంచేడు దళితుల హత్యాకాండ మీద గొంతెత్తాక గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1990లో బయటికొచ్చినప్పుడు నిజాం కాలేజీ మైదానం జనంతో నిండిపోయింది. అదే శిఖరం. 1992లో, మండలి అంటిపెట్టుకున్న విప్లవ పార్టీ పీపుల్స్‌వార్ మీద నిషేధం పడింది. ఎన్‌కౌంటర్లలో యువకులు రాలిపోతుంటే, పాడాల్సిన గొంతులు అమరుల పాటల్లో పేర్లయ్యాయి. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలోని ఇంటికొచ్చి ఆగంతకులు గద్దర్‌ను కాల్చారు. ఒక తూటా చివరిదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య 2004లో జరిగిన శాంతి చర్చలు కొద్ది నెలలకే కూలిపోయాయి. సభ పెట్టే చోటు, వంత పాడే తోడు, నిర్భయంగా వినే ఊరు ఒకదాని వెంట ఒకటి పోయాయి.

ప్రత్యేక తెలంగాణ రాష్ట్ర ఉద్యమంలో ఆ గొంతు మళ్లీ లక్షల మందిని కదిలించింది. కానీ అప్పటికి వేదిక మీద ఆయన చాలావరకు ఒంటరి. తర్వాత విప్లవ పార్టీకి దూరమయ్యాడు, 2018లో తొలిసారి ఓటేశాడు, 2023లో ప్రజా పార్టీ పెడతానన్నాడు. మారిపోయాడని కొందరు నిష్ఠూరమాడారు. ఒక సమూహం మోయాల్సిన బరువునంతా ఒక్క ముసలి దేహం మీద పెట్టి, అది వంగిందని నిందించడం న్యాయమా? 2020లో వంగపండు పోయాడు, మూడేళ్లకు గద్దర్. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా పురస్కారాలు ఇచ్చింది. పేరు దక్కింది, దళం దక్కలేదు.

ఇప్పుడు ఆ పాటలు ఫోన్లలో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయి. విని కన్నీళ్లు పెట్టుకుంటాం, గొంతు మాత్రం కలపం. నా దృష్టిలో జన నాట్య మండలి పతనం అక్కడే పూర్తయింది. మనం చెల్లించగల బాకీ ఇంకా ఒకటుంది. ఆ క్యాసెట్లను వెతికి ఒకచోట చేర్చేటప్పుడు గద్దర్ పేరు కింద డప్పు కొట్టినవాళ్లవి, వంత పాడినవాళ్లవి, బాణీ ఇచ్చిన కూలితల్లులవి పేర్లు దొరికినన్ని రాయాలి. తొలి సంకలనం నాటికి ఆ పాట అందరిది. చివరి సంకలనంలోనూ అందరిదిగానే ఉండాలి.