నవలలూ, కన్నీళ్లూ, మానవహక్కులూ

మానవహక్కులు నవలలు చదవడంవల్ల పుట్టాయని ఎవరైనా అంటే మన సభల్లో చప్పట్లు కొట్టేవాళ్లూ ఉంటారు, విసుక్కునేవాళ్లూ ఉంటారు. అమెరికన్ చరిత్రకారిణి లిన్ హంట్ ఇంత మొరటుగా అనలేదు గాని, 2007లో వెలువడిన 'ఇన్వెంటింగ్ హ్యూమన్ రైట్స్' అనే పుస్తకంలో దీనికి చాలా దగ్గరగా వచ్చింది. చప్పట్లూ వద్దు, విసుగూ వద్దు. ఆమె చెప్పిందేమిటో, అందులో నిలిచేది ఎంతో చూద్దామని నా ఉద్దేశం. సాహిత్యం మనిషిని మారుస్తుందని నమ్మి కలం పట్టినవాళ్లం కనుక ఈ చర్చ మనకు పరాయిది కాదు.

హంట్ ప్రధాన రంగం ఫ్రెంచి విప్లవ చరిత్ర. ఆ విప్లవంలో రాజకీయాలు, సంస్కృతి, వర్గం అనే మూడింటి సంబంధం మీద 1984లో ఆమె రాసిన పుస్తకం పేరు తెచ్చింది. అప్పటికి ఆ రంగంలో రెండు శిబిరాలున్నాయి. లెఫెవ్ర్, సొబూల్ వంటివారు విప్లవాన్ని భూస్వామ్యం మీద బూర్జువా వర్గం సాధించిన విజయంగా వివరించారు. ఫ్రాన్స్వా ఫ్యూరే 1978 నాటికి ఆ వర్గ విశ్లేషణనే తోసిపుచ్చి, విప్లవాన్ని మాటల మీదా భావాల మీదా నడిచిన అధికార క్రీడగా చూపాడు. హంట్ ఈ రెంటి మధ్యా నిలబడింది. అమియెన్, బోర్దో, నాన్సీ, తూలూజ్ పట్టణాల్లో విప్లవకాలంలో ఎవరెవరు పదవుల్లోకి వచ్చారో లెక్క తీసింది. దానితోపాటు రాజకీయ సంస్కృతి అనే దాన్ని చరిత్రలోకి తెచ్చింది. టోపీకి గుచ్చుకున్న మూడురంగుల పతకం, ఊరి నడుమ నాటిన స్వేచ్ఛావృక్షం, 'మీరు' పోయి 'నువ్వు' రావడం, 'అయ్యా' పోయి 'పౌరుడా' రావడం - ఇవన్నీ విప్లవానికి అలంకారాలు కావనీ, విప్లవం జరిగిన తీరే అదనీ ఆమె వాదన. పునాది మారితే ఉపరితలం దానంతటదే మారుతుందని చేతులు దులుపుకునే మనలో కొందరు ఈ భాగం తప్పక చదవాలి.

ఆ పుస్తకంలో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది హెర్క్యులిస్ ప్రకరణం. గణతంత్రానికి మొదట గుర్తు స్త్రీమూర్తి, స్వేచ్ఛాదేవి. 1793 నవంబరులో చిత్రకారుడు దావీద్ ప్రజాశక్తికి గుర్తుగా గద పట్టిన వీరుడి భారీ విగ్రహాన్ని ప్రతిపాదించాడు. 1793 అక్టోబరు 30న స్త్రీల రాజకీయ సంఘాలను కన్వెన్షన్ నిషేధించింది. నవంబరు 3న, రెండేళ్ల కిందట స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలింప్ ద గూజ్ తల తెగిపడింది. స్త్రీల నోరు మూసిన రోజులకూ, ముద్ర మీద స్త్రీ స్థానంలోకి పురుషుడు వచ్చిన రోజులకూ మధ్య తేడా ఎంతో లేదు. రాజ్యం ముద్రను కూడా ఎవరు, ఎవరిని తోసేసి, ఎక్కించారో అడిగి చదవవచ్చునని హంట్ ఇక్కడ చూపించింది.

ఇక 2007 నాటి పుస్తకం. 1776లో జెఫర్సన్ రాసిన ప్రకటనా, 1789 ఆగస్టు 26న ఫ్రెంచి జాతీయసభ ఆమోదించిన 17 అధికరణాలూ మనుషులందరూ సమానమన్నది రుజువు అక్కరలేని సత్యమన్నట్టు మాట్లాడతాయి. వేల ఏళ్లుగా ఎవరికీ కనపడని ఈ సత్యం పద్ధెనిమిదో శతాబ్దం చివర హఠాత్తుగా ఎలా స్వయంసిద్ధమైంది? హంట్ జవాబు: అంతకుముందు రెండు మూడు దశాబ్దాల్లో చదువుకున్నవాళ్ల మనసు లోపల ఒక మార్పు వచ్చింది. ఉత్తరాల రూపంలో సాగే నవల దాన్ని తెచ్చింది. రిచర్డ్సన్ 'పమేలా' 1740లో, 'క్లారిసా' 1747-48లో, రూసో 'జూలీ' 1761లో వచ్చాయి. పమేలా పనిపిల్ల. ఆమె ఉత్తరం ఆమె గొంతుతోనే వినిపిస్తుంది, మధ్యలో కథకుడు లేడు. ఆ ఉత్తరం చదివే దొరసాని, తన వంటింట్లో తిరిగే పిల్లకు కూడా తనకున్నటువంటి లోపలి బతుకు ఉన్నదని, బహుశా మొదటిసారి, గ్రహిస్తుంది. 'జూలీ' 1800లోపు కనీసం 70 ముద్రణలు పొందింది. పుస్తకం దొరక్క గంటల లెక్కన అద్దెకు తెచ్చుకుని చదివారు. సైనికాధికారులు, మతగురువులు, గృహిణులు వెక్కివెక్కి ఏడ్చామని రూసోకు ఉత్తరాలు రాశారు.

ఇందులో రూపం గురించిన అంతర్దృష్టి గొప్పది. సమానత్వాన్ని బోధించిన నవలలని ఆమె అనలేదు. 'పమేలా' నీతి ఏమిటి? శీలం కాపాడుకుంటే యజమానే పెళ్లాడతాడని! అది విప్లవం కాదు, బహుమతి ప్రదానం. అయినా ఉత్తరం అనే రూపం పాఠకుణ్ణి పనిపిల్ల తలలో కూర్చోబెట్టింది. రచయిత సందేశం ఒకటైతే రూపం చేసిన పని మరొకటి. వస్తువు ప్రగతిశీలమైతే చాలునని తృప్తిపడే మన విమర్శకులు దీన్ని గమనించాలి.

చిత్రహింస గురించిన అధ్యాయం కూడా ఇలాంటిదే. 1762లో తూలూజ్‌లో జాన్ కాలా అనే ప్రొటెస్టెంటు వర్తకుణ్ణి, కొడుకు కాథలిక్కు కాబోతున్నాడని చంపాడన్న నేరం మోపి, చిత్రహింస పెట్టి, చక్రం మీద ఎముకలు విరిచి చంపారు. ఓల్టేర్ ఆగ్రహించాడు. కాని మొదట్లో ఆయన కోపం మతమౌఢ్యం మీద. చిత్రహింస మీద కాదు. 1764లో ఇటలీ నుంచి బెకారియా పుస్తకం వచ్చాక, 1766 నాటికి గాని ఆయన దృష్టి అటు తిరగలేదు. ఫ్రాన్సులో నేరం ఒప్పించడానికి పెట్టే హింసను 1780లో రద్దు చేశారు. నిన్నటిదాకా మామూలుగా కనపడిన క్రౌర్యం ఒక తరం లోపల భరించరానిది కావడం - దీన్ని కేవలం ఉత్పత్తి సంబంధాలతో వివరించడం నాకు చేతకాదు. హంట్ చెప్పిన కారణాలు అసంపూర్ణమే, కాని ఆమె అడిగిన ప్రశ్న అసలైనది.

అయితే ఇక్కడినుంచే నాకు పేచీ. ఏడ్చినవాళ్లు ఎవరి కోసం ఏడ్చారు? జెఫర్సన్ 1771లో ఒక బంధువుకు గ్రంథాలయం ఏర్పాటు కోసం పుస్తకాల జాబితా రాసిచ్చాడు. అందులో రిచర్డ్సన్ ఉన్నాడు, రూసో ఉన్నాడు. కల్పిత కథలు మనలోని మంచి గుణాలకు సాధన చేయిస్తాయని ఆ ఉత్తరంలోనే వాదించాడు. అదే జెఫర్సన్ జీవితం మొత్తం మీద 600 మందికి పైగా బానిసలకు యజమాని. 'జూలీ' రాసిన మరుసటేడు రూసో 'ఎమీల్' రాసి, ఆడపిల్ల చదువు మగవాణ్ణి మెప్పించడానికేనన్నాడు. నవల ఊహకు తలుపు తెరిచింది నిజమే, కాని ఎవరు ఆ తలుపు దాటాలో తేల్చింది ఆస్తి, జాతి, లింగం.

హంట్‌కు ఇది తెలియదని కాదు. ప్రకటన వచ్చాక హక్కులకు ఒక అంతర్గత తర్కం ఉందని ఆమె అంటుంది: 1789 డిసెంబరులో ప్రొటెస్టెంట్ల మాట వచ్చింది, వెంటనే నటుల మాట, తలారుల మాట, యూదుల మాట. ఒకరికిస్తే ఇంకొకరు అడుగుతారు. 1791 సెప్టెంబరుకు యూదులందరికీ పౌరసత్వం వచ్చింది. బాగుంది. కాని ఆ తర్కం కూలివాడి దగ్గర ఎందుకు ఆగిపోయింది? మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టలేని మగవాడికి ఓటు లేదన్నది ఆ సభే. 1791 జూన్ 14 నాటి లె షాపెలియే చట్టం కూలి పెంచమని జట్టు కట్టడాన్ని నేరం చేసింది. ఎవరికి వారు స్వేచ్ఛగా బేరమాడుకోవాలట! సమ్మె నేరం కాకుండా పోవడానికి 1864 దాకా, సంఘాలకు చట్టబద్ధత రావడానికి 1884 దాకా పట్టింది. ఆ హక్కులు ఒంటరి ఆస్తిపరుడి హక్కులని 1844లో మార్క్స్ అన్నది ఊరికే కాదు. అలాగని హక్కులన్నీ బూర్జువా ముసుగేనని కొట్టిపారేసే మిత్రులతోనూ నేను ఏకీభవించలేను. ముసుగే అయితే పాలకులు దాన్ని ఇంతగా చింపడానికి చూడరు. మన 'మాలపల్లి' 1922లో అచ్చయితే ఆనాటి మద్రాసు ప్రభుత్వం ఎందుకు నిషేధించింది?

తర్కం తనంతట తాను నడవలేదనడానికి పెద్ద సాక్ష్యం సాన్ దొమింగ్. చెరకు తోటల ఆ ఫ్రెంచి వలసలో 1791 ఆగస్టులో బానిసలు తిరగబడ్డారు. రెండేళ్ల యుద్ధం తర్వాత, స్పెయిన్, బ్రిటన్ సేనలు ముంచుకొస్తుంటే, ఫ్రెంచి ప్రతినిధి సాంతొనా 1793 ఆగస్టులో ఉత్తర ప్రాంతంలో బానిసత్వం రద్దు చేశాడు. 1794 ఫిబ్రవరి 4న పారిస్ కన్వెన్షన్ దాన్ని వలసలన్నిటికీ వర్తింపజేసింది. హంట్ ఈ వరుసనంతా చెబుతుంది, కాని ప్రకటన తాలూకు పర్యవసానంగా చెబుతుంది. నాకు అటునుంచి చదవాలనిపిస్తుంది: 1789 నాటి కాగితానికి 'అందరూ' అనే మాటకున్న అర్థం 1791లో చెరకు తోటల్లో పుట్టింది. శామ్యూల్ మొయిన్ 2010లో, నేటి మానవహక్కుల ఉద్యమం 1970ల్లోనే మొదలైందని వాదించి హంట్‌ను ఖండించాడు. ఆయన హెచ్చరిక కొంత అవసరమే, కాని ఆ లెక్కలో చెరకు తోటల మనుషులకు చోటు ఇంకా తగ్గిపోతుంది.

నెపోలియన్ కుర్రతనంలో రూసో నవలకు వీరాభిమాని. 1795లో తానే ఒక విషాద ప్రేమకథ రాశాడు. 1802లో వలసల్లో బానిసత్వాన్ని తిరిగి నిలబెట్టింది కూడా అతడే. సాన్ దొమింగ్ నాయకుడు, ఒకప్పటి బానిస టూసాన్ లూవర్త్యూర్‌ను ఆ ఏడే పట్టి ఓడలో తెచ్చి జురా కొండల్లోని జూ కోటలో బంధించారు. చలిగదిలో కూర్చుని టూసాన్ నెపోలియన్‌కు ఒక సుదీర్ఘమైన విజ్ఞాపన రాశాడు. అతని చేతిరాతలో ఉన్న ప్రతిలో ఫ్రెంచి మాటలు చెవికి వినపడినట్టే ఉంటాయి, బడిలో నేర్చిన వర్ణక్రమం లేదు. అడిగింది ఒక్కటే: నన్ను న్యాయస్థానం ముందు నిలబెట్టండి, నా మాట వినండి. ఉత్తమ పురుషలో, తన గొంతుతో, మధ్యలో కథకుడు లేకుండా రాసిన లేఖ అది. రూసో పాఠకుడు దానికి జవాబివ్వలేదు. టూసాన్ 1803 ఏప్రిల్ 7న ఆ గదిలోనే చనిపోయాడు. తొమ్మిది నెలలు తిరక్కుండా, 1804 జనవరి 1న, హైతీ స్వతంత్ర దేశమైంది.