కన్యాశుల్కం – పదిహేడు కామెంట్లు

మొన్నామధ్య మా అక్క కొడుకు (డిగ్రీ రెండో ఏడు, తెలుగు సాహిత్యం) ఫోను చేశాడు. "మామయ్యా, తెవికీలో కన్యాశుల్కం వ్యాసానికి చేర్చడానికి చరిత్ర కొంత రాశాను. పెట్టే ముందు ఓసారి చూడవా?" అని. రోజూ ఆఫీసులో కోడ్ రివ్యూలు చేసే చెయ్యి కదా, ఊరుకుంటుందా? ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ పదిహేడు కామెంట్లు రాసి పడేశాను.

కొన్ని సబబైనవే లెండి. "1892లో అచ్చయింది" అని రాశాడు. కాదు. 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, అచ్చయింది 1897లో. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాశారు. అయిదంకాలు ఏడయ్యాయి, మధురవాణి బాగా పెరిగింది. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. మన భాషలో చెప్పాలంటే 1.0కీ 2.0కీ ఉన్నంత తేడా. ఏ వెర్షనో చెప్పకుండా రాస్తే ఎలా?

"తెలుగులో మొదటి నాటకం" అన్నాడు. అదీ కాదు. అంతకు చాలా ముందే కోరాడ రామచంద్రశాస్త్రి మంజరీ మధుకరీయం ఉంది. ముసలివాడికి చిన్నపిల్లని కట్టబెట్టడం మీద వీరేశలింగం 1870ల్లోనే బ్రహ్మవివాహం రాశారు.

"ఈ నాటకంతో దురాచారం అంతమైంది" అన్నాడు. నాటకం చూసి ఎంతమంది అగ్నిహోత్రావధాన్లు మారారో ఎవరు లెక్కపెట్టారు? పైగా డబ్బు చేతులు మారడం ఆగిందా? దిశ మారిందంతే. 1961లో వరకట్నానికి వేరే చట్టం చేసుకోవాల్సి వచ్చింది.

ఇంతవరకూ బానే ఉంది. గొడవంతా పన్నెండో కామెంటుతో. "ఏడాది పిల్లలకి కూడా వెల కట్టి పెళ్ళి చేశారు" అని ఒక వాక్యం ఉంది. మూలం ఇవ్వలేదు. "అతిశయోక్తి. తీసెయ్" అని రాశాను. వాడు మారుమాట లేకుండా తీసేశాడు.

వారం తర్వాత, 1897 తేదీ ఇంకోసారి సరిచూసుకుందామని ఆ ఎడిషన్‌కి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక తెరిచాను. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితా తీయించారట. మొత్తం 1034. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోడానికి ఎవరికీ మనసొప్పదు కాబట్టి ఇది పూర్తి లెక్క కాదని కూడా ఆయనే అంటాడు. అయిదేళ్ళ వాళ్ళు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసిగుడ్డుల వెల 350 నుంచి 400 రూపాయలు.

కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మనకి గిరీశం అంటే నవ్వు. 1955 సినిమాలో రామారావు గుర్తొస్తాడు. ఆ నవ్వుల వెనక ఈ జాబితా ఉందని, ఇన్నిసార్లు చదివిన నాకే తట్టలేదు. వాడికి తట్టింది. నేను కొట్టేయించాను.

వెంటనే ఫోను చేశాను. "అది ఎక్కడ చదివావురా?"

"పీఠికలోనే మామయ్యా."

"మరి చెప్పలేదే?"

"నువ్వు అంత గట్టిగా రాస్తే... నేనే తప్పు చదివానేమో అనుకున్నా."

ఏం చెప్పమంటారు? మూలం ఇవ్వకపోవడం వాడి పొరపాటే. కానీ అక్కడ నేను రాయాల్సింది "తీసెయ్" కాదు, "ఎక్కడ చదివావు?" అని. టీములో కొత్తగా చేరిన కుర్రాళ్ళ కోడ్ మీద ఇలాంటి పన్నెండో కామెంట్లు ఎన్ని రాశానో ఇప్పుడు తల్చుకుంటే భయంగా ఉంది. వాళ్ళూ మారుమాట లేకుండా మార్చేశారు మరి.

వాక్యం మళ్ళీ చేర్చించాను, ఈసారి అంకెలతో, మూలంతో సహా. వ్యాసానికి ప్రాణం అదే ఇప్పుడు. నాటకంలో వెంకటేశానికి గిరీశం చెప్పే చదువు చూసి ఎన్నిసార్లు నవ్వానో. ఈ వారం మా వాడికి నేను చెప్పిందీ అలాంటి చదువే.