అర మిల్లీమీటరు టేకు

"మావయ్యా..."

కుర్రాడి గొంతు సగంలోనే ఆగిపోయింది. చేతిలో బెల్ట్ సాండర్ ఇంకా గుయ్‌మంటోంది. తణుకు శివార్లలో రేకుల షెడ్డు. పైన వాన దబదబా బాదుతోంది. లోపల టేకు పొట్టు, ఫెవికాల్ కలిసిన వాసన. ఎనిమిది మంది కూర్చునే డైనింగ్ టేబుల్. ఎల్లుండి గృహప్రవేశం. అంచున కొట్టిన టేకు పట్టీ కాస్త ఎత్తుగా ఉంటే, దాన్ని ప్లైవుడ్ మట్టానికి దించమన్నాడు మేస్త్రి. పట్టీ దిగింది. మిషన్ మాత్రం పక్కనున్న వినీర్ మీదికి జారింది. మేస్త్రి వంగి, పొడి ఊదాడు. కింద నల్లటి మచ్చ.

వినీర్ అంటే ప్లైవుడ్ మీద అతికించే పల్చటి టేకు పొర. మందం అర మిల్లీమీటరుంటే గొప్ప. అది పోయి, అడుగున జిగురు కనబడుతోంది.

మిషన్‌ని తిట్టి లాభం లేదు. 1926లో అమెరికాలోని సిరక్యూస్‌లో పోర్టర్-కేబుల్ కంపెనీ ఇంజనీరు ఆర్ట్ ఎమ్మన్స్ చేత్తో పట్టుకు తిప్పే బెల్ట్ సాండర్‌ని తయారుచేశాడు. అప్పట్నుంచీ దాని పని ఒక్కటే, కొరికి పారెయ్యడం. తలుపు చెక్కల ఎగుడుదిగుళ్లు తీయాలంటే దాన్ని మించింది లేదు. వినీర్ మీద పెడితే ఇదిగో, ఇంతే.

మేస్త్రి అరవలేదు. తిట్టలేదు. మిగిలిన వినీర్ ముక్కలన్నీ నేల మీద పరిచి, గీతకు గీత కలిసే ముక్క దొరికేదాకా ఒక్కోటీ మచ్చ పక్కన పెట్టి చూసి, పడవ ఆకారంలో కత్తిరించి, జిగురు రాసి, ఇస్త్రీపెట్టె వేడితో అదిమి, అతుకు మీద బొటనవేలు పెట్టి కళ్లు మూసుకున్నాడు. వేలికి తగిలింది. వెంట్రుకవాసి ఎత్తు.

"దీన్ని దేంతో దించుతావు మావయ్యా?"

మేస్త్రి అప్పటికే గొడుగు తీశాడు. కుర్రాడూ వెనకే బయల్దేరాడు.

సామాన్ల కొట్టు షట్టరు సగం దించేశారు. "రేపు రండి మేస్త్రి గారూ" అన్నాడు కొట్టాయన. మేస్త్రి ప్లాస్టిక్ సంచీలోంచి వినీర్ అతికించిన ప్లైవుడ్ ముక్క తీసి గల్లా పక్కన పెట్టాడు. "మీ దగ్గరున్న రెండు రకాల చిన్న సాండర్లూ దీని మీద తిప్పి చూపించండి. నచ్చిందే పట్టుకెళ్తా."

కొట్టాయన షట్టరు వంక చూశాడు. ముక్క వంక చూశాడు. ప్లగ్గు పెట్టాడు.

మొదట చదరం మిషన్. ఉప్పు కాగితం నాలుగో వంతు కత్తిరించి బిగించేది. చవక. మూలల్లోకి పోతుంది. కాగితం కూడా ఎక్కడైనా దొరుకుతుంది. ముక్క నున్నగా తేలింది. మేస్త్రి జేబులోంచి థిన్నర్ సీసా తీసి, గుడ్డ తడిపి తుడిచాడు. సెల్‌ఫోన్ టార్చి పక్కవాటుగా వేశాడు. చెక్క నిండా సన్నటి చుట్టలు, ఒకే తీరున. పాలిష్ పడితే ఇవే ముందు కనిపిస్తాయి.

"రెండోది."

రాండమ్ ఆర్బిట్. 125 మిల్లీమీటర్ల గుండ్రటి ప్యాడ్. దాని బిళ్ల గుండ్రంగా తిరుగుతూనే, రెండున్నర మిల్లీమీటర్ల మేర అటూఇటూ ఊగుతుంది. అందుకే ఒక గీత మీద ఇంకో గీత పడదు. కుర్రాడు ఉత్సాహంగా అందుకుని గట్టిగా నొక్కాడు. థిన్నర్ పడింది. టార్చి వెలిగింది. మళ్లీ చుట్టలే!

"ఇది కూడా అంతే కదండీ" అంటూ కొట్టాయన ప్లగ్గు పీకబోయాడు.

"ఆగండి." మేస్త్రి మిషన్ లాక్కున్నాడు. "నొక్కితే బిళ్ల తిరగడం మానేస్తుందిరా. ఊగడం ఒక్కటే మిగుల్తుంది. దాని బరువే దానికి చాలు." ముందు చెక్క మీద ఆనించి, అప్పుడు స్విచ్ వేశాడు. నత్తనడక నడిపించాడు. తుడిచాడు. టార్చి వేశాడు. కుర్రాడు మొహం చెక్కకు ఆనించేంత వంగి వెతికాడు. ఏమీ లేదు.

ధర రెట్టింపు. మేస్త్రి బేరం కూడా ఆడలేదు, ఒక్కటే అడిగాడు: "పొడి సంచీ ఇస్తారా?" ఇరవై ఏళ్ల దగ్గు అడిగించిన ప్రశ్న అది. చెక్క పొడి క్యాన్సర్ తెస్తుందని డబ్ల్యూహెచ్‌ఓకి చెందిన పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. మన షెడ్లలో మాత్రం మొహానికి తువ్వాలు చుట్టుకోవడమే ఇప్పటికీ రక్షణ.

రాత్రి. అతుకు మీద పెన్సిల్‌తో అడ్డగీతలు. 180 నంబరు బిళ్ల. గీతలు చెరిగిన చోట చెయ్యి తీసెయ్యాలి. ఒక్క క్షణం ఎక్కువైతే మళ్లీ నలుపే. గీత పోయింది. ఇంకోటి పోయింది. చివరిది మొండికేసింది. మేస్త్రి మిషన్ పక్కన పెట్టాడు. 220 కాగితం చెక్కముక్కకు చుట్టి, టేకు గీత వెంట చేత్తోనే లాగాడు. ఒకసారి. రెండోసారి.

పొద్దున్నే పాలిష్ భాయ్ వచ్చాడు. బల్లంతా థిన్నర్‌తో తుడుచుకుంటూ పోయి, ఒక చోట చెయ్యి ఆపాడు. కుర్రాడికి గుండె జారింది.

"అతుకా?"

"అతుకే" అన్నాడు మేస్త్రి.

"బాగా కలిసింది. కానీ ఈ ముసుర్లో సీలర్ కొట్టను మేస్త్రీ, తెల్లగా పూస్తుంది. పొడి గది ఎక్కడైనా ఉందా?"

"మా ఇంట్లో హాలు ఖాళీ చేయిస్తా. ఒరేయ్, నలుగుర్ని పిలు. బల్ల ఎత్తాలి."