ముద్ర, ధ్రువపత్రం, ప్రైవేటు కీ: సర్వర్ మార్పిడిపై ఒక చారిత్రక పరిశీలన (వేటపాలెం నేపథ్యంలో)

వ్యాససంగ్రహం

పత్రాలు ఒకచోటి నుంచి మరొకచోటికి తరలినప్పుడు వాటి ప్రామాణ్యం కూడా వెంట వస్తుందా అన్నది పాలనా చరిత్రలో పాత ప్రశ్న. క్లౌడ్ సర్వర్లకు సమాచారాన్ని తరలించేటప్పుడు భద్రతా ధ్రువపత్రాలను, ప్రైవేటు కీలను ఎలా రాబట్టుకోవాలన్న నేటి సమస్య ఆ ప్రశ్నకే తరువాయి. తామ్రశాసనాల ముద్రలు, కూటశాసనాల రద్దు, సమాచార సాంకేతిక చట్టం, డిజిటల్ గ్రంథాలయాల అనుభవం ఆధారంగా ఈ వ్యాసం ఆ సంబంధాన్ని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వేటపాలెం, తామ్రశాసనం, ముద్ర, డిజిటల్ ధ్రువపత్రం, ప్రైవేటు కీ, సర్వర్ మార్పిడి.

1. ఊరు కదలలేదు, కాగితాలు కదిలాయి

వేటపాలెం ఉన్నచోటనే ఉంది. దాని జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. చీరాల ప్రాంతంతో పాటు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న ఊరు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ప్రతి మార్పులోనూ దస్త్రాలు తరలుతాయి, రబ్బరు ముద్రలు మారుతాయి. పాత ముద్ర ఉన్న కాగితం కొత్త కార్యాలయంలో చెల్లుతుందా, చెల్లితే దాన్ని ఎవరు ధ్రువీకరించాలి అన్న ప్రశ్నలు గుమాస్తా బల్ల దగ్గర తలెత్తుతాయి. సర్వర్ మార్పిడిలో ఎదురయ్యే చిక్కు స్వభావం కూడా ఇదే. సమాచారాన్ని నకలు చేయడం తేలిక. ఆ సమాచారం తనదేనని నిరూపించుకొనే అధికారాన్ని తరలించడం కష్టం.

2. వలయానికి అతికిన ముద్ర

ఈ మైదానంలో ప్రామాణ్యాన్ని భద్రపరచిన తొలి సాంకేతికతలలో తామ్రశాసనం ఒకటి. రేకులకు రంధ్రం చేసి, వాటి గుండా రాగి వలయం దూర్చి, వలయపు రెండు కొసలను గుండ్రని ముద్రలో కలిపి అతికేవారు. వేంగీ చాళుక్యుల ముద్రలపై వరాహం, అంకుశం, సూర్యచంద్రుల వంటి చిహ్నాలు ఉంటాయి. కుబ్జవిష్ణువర్ధనుని ముద్రపై 'విషమసిద్ధి' అనీ, తరువాతి రాజుల ముద్రలపై 'శ్రీ త్రిభువనాంకుశ' అనీ బిరుదులు కనిపిస్తాయి. కమ్మరాష్ట్రంలోని చెందలూరును దానమిచ్చిన సర్వలోకాశ్రయుని శాసనం ఒంగోలు ప్రాంతానిదే. ఆ తాలూకా ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. జిల్లాల మార్పు ఈ ప్రాంతానికి కొత్త కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ అమరికలోని మర్మం వలయంలో ఉంది. ముద్రను చెరపకుండా ఒక రేకును తీసి మరొకటి చేర్చడం వీలుకాదు. అందుకే పాత శాసన నివేదికలలో వలయం తనకు చేరేనాటికి కోసి ఉందా లేదా అన్నది పరిశోధకుడు ప్రత్యేకించి నమోదు చేస్తాడు. కోయని వలయం ఆ రేకులకు సాక్షి. ఇంకొక విషయం కూడా గమనించదగ్గది. దానగ్రహీత చేతికి ముద్ర వేసిన శాసనం వెళుతుంది గాని, ముద్ర వేసే అచ్చు వెళ్లదు. అది రాజు అధీనంలోనే ఉంటుంది. నేటి పరిభాషలో శాసనం ధ్రువపత్రం వంటిది, అచ్చు ప్రైవేటు కీ వంటిది. పోలిక ఇంతవరకే. అచ్చును చూసి కంసాలి మరొకటి పోతపోయగలడు. పబ్లిక్ కీని చూసి ప్రైవేటు కీని రాబట్టడం మాత్రం ఆచరణలో అసాధ్యం.

3. రద్దు, పునర్జారీ

ముద్ర ఉన్నంతమాత్రాన శాసనం నిజమైనదని పూర్వులు భావించలేదు. క్రీ.శ. 631 నాటి హర్షుని మధుబన్ శాసనం ఇందుకు ప్రసిద్ధమైన సాక్ష్యం. సోమకుండక గ్రామాన్ని వామరథ్యుడనే బ్రాహ్మణుడు కూటశాసనం ఆధారంగా అనుభవిస్తున్నాడని తేలడంతో హర్షుడు ఆ రేకును విరగ్గొట్టించి, గ్రామాన్ని వేరే ఇద్దరికి దానమిచ్చాడు. రేకును విరగ్గొట్టడమంటే రద్దును అందరికీ కనబడేలా చేయడం.

కామరూప రాజు భాస్కరవర్మ నిధన్‌పూర్ శాసనం దీనికి భిన్నమైన పరిస్థితిలో పుట్టింది. పూర్వరాజు భూతివర్మ ఇచ్చిన రేకులు కాలిపోయాయి. గ్రహీతల వారసులకు హక్కు ఉంది గాని దానికి ఆధారం లేదు. రాజు కొత్త రేకులు రాయించాడు. అంతటితో ఆగక, పాతవి కాలిపోయిన తరువాత రాసినవి కాబట్టి వీటి అక్షరాల రూపు వేరుగా ఉందనీ, అందువల్ల ఇవి కూటశాసనాలు కావనీ ఆ రేకులలోనే చెప్పించాడు. పునర్జారీలోని ప్రధానమైన అనుమానాన్ని ఏడవ శతాబ్దపు లేఖకుడు ఇంత సూటిగా గుర్తించాడు. పాతదానిలా కనిపించేట్టు నటించకుండా కొత్తదని ఒప్పుకోవడమే దాని ప్రామాణ్యానికి ఆధారం. కీ పోగొట్టుకున్న సర్వర్ నిర్వాహకుడు ఈనాడు చేయవలసింది కూడా ఇదే.

4. రెండు కీల గణితం

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ పబ్లిక్ కీ పద్ధతిని ప్రకటించారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ దాన్ని ఆచరణయోగ్యమైన విధానంగా మలిచారు. బ్రిటిష్ నిఘా సంస్థలో జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్ అంతకుముందే ఇదే దారిలో నడిచినా ఆ విషయం చాలాకాలం రహస్యంగానే ఉండిపోయింది. ఈ పద్ధతిలో కీలు జంటగా పుడతాయి. ఒకటి లోకానికి వెల్లడి చేసేది, రెండవది యజమాని దగ్గరే ఉండేది. ప్రైవేటు కీతో చేసిన సంతకాన్ని పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూడవచ్చు. అయితే ఆ పబ్లిక్ కీ ఫలానా సంస్థదే అని చెప్పడానికి మూడవ వ్యక్తి కావాలి. ధ్రువీకరణ సంస్థ ఇచ్చే పత్రం ఆ పని చేస్తుంది.

భారతదేశంలో ఈ వ్యవస్థకు 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఆధారమైంది. ధ్రువీకరణ సంస్థలకు లైసెన్సులిచ్చే నియంత్రణాధికారి పదవి ఏర్పడింది. 2002లో తొలి లైసెన్సు పొందిన సేఫ్‌స్క్రిప్ట్, సత్యం ఇన్ఫోవే అనుబంధ సంస్థ. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. బ్యాంకుల కోసం ధ్రువపత్రాలు జారీ చేసింది. ఈ చరిత్రలో తెలుగు నేల పాత్ర చిన్నది కాదు, దాని గురించి రాసినవారు మాత్రం తక్కువ.

చట్టంలోని 42వ విభాగం ఈ వ్యాసానికి కీలకం. ప్రైవేటు కీని తన అధీనంలో ఉంచుకొని ఇతరులకు వెల్లడి కాకుండా తగిన జాగ్రత్త వహించడం చందాదారు బాధ్యత. అది బయటపడితే ఆలస్యం లేకుండా ధ్రువీకరణ సంస్థకు తెలియజేయాలి. తెలియజేసేవరకు బాధ్యత అతనిదే. వెబ్‌సైట్ల ధ్రువపత్రాలు ఈ చట్టపు లైసెన్సు వ్యవస్థ కన్నా బ్రౌజరు తయారీదారుల నమ్మకం మీదే ఎక్కువగా ఆధారపడి ఉన్నాయి. 2014 జులైలో ఎన్.ఐ.సి. పేరిట గూగుల్, యాహూ చిరునామాలకు అనధికార ధ్రువపత్రాలు జారీ అయినట్టు బయటపడింది. నియంత్రణాధికారి ఎన్.ఐ.సి. మధ్యస్థ ధ్రువపత్రాలను రద్దు చేశాడు. గూగుల్ భారతీయ మూల ధ్రువపత్రంపై నమ్మకాన్ని కొద్దిపాటి భారతీయ చిరునామాలకే పరిమితం చేసింది. రాజముద్ర ఉండి కూడా పొరుగు రాజ్యంలో చెల్లని స్థితి అది.

5. మార్పిడి వేళ

పాత సర్వర్ నుంచి క్లౌడ్‌కు వెళ్లే సంస్థలు తరచుగా ధ్రువీకరణ సంస్థను ఆశ్రయించి తమ కీ మళ్లీ ఇవ్వమని అడుగుతాయి. సక్రమమైన పద్ధతిలో ఆ సంస్థ దగ్గర కీ ఉండదు, ఉండకూడదు. ధ్రువపత్రం కోసం అభ్యర్థన తయారైన యంత్రంలోనే కీ పుడుతుంది. అభ్యర్థనలో వెళ్లేది పబ్లిక్ కీ, పేరు, చిరునామా మాత్రమే. కాబట్టి ధ్రువపత్రం నకలు ఎక్కడైనా దొరుకుతుంది, కీ మాత్రం పాత యంత్రంలోనే వెతకాలి. విండోస్ సర్వర్‌లో ధ్రువపత్రాన్నీ కీనీ కలిపి సంకేతపదంతో ఒకే ఫైలుగా ఎగుమతి చేయవచ్చు. అయితే మొదట స్థాపించినప్పుడు ఎగుమతికి అనుమతి ఇచ్చి ఉండాలి. లినక్స్ సర్వర్లలో అది సాధారణంగా వేరే ఫైలుగా ఉంటుంది. ప్రత్యేక భద్రతా పరికరంలో పుట్టిన కీ బయటికి రాదు, రాకుండా ఉండేందుకే ఆ పరికరాన్ని తయారు చేస్తారు. తెచ్చిన కీ, ధ్రువపత్రంలోని పబ్లిక్ కీ జతేనా అని సరిచూసుకున్న తరువాతనే పాత సర్వర్‌ను తుడిచివేయాలి. ఈ క్రమం తప్పి ముందు తుడిచి తరువాత వెతికేవారికి మిగిలేది పునర్జారీ ఒక్కటే.

పునర్జారీ అవమానం కాదు. చాలా సందర్భాలలో కీని మోసుకుపోవడం కన్నా కొత్త యంత్రంలో కొత్త కీ పుట్టించి, కొత్త ధ్రువపత్రం తీసుకొని, పాతదాన్ని రద్దు చేయించడం మేలు. మోసిన ప్రతి దారిలోనూ కీకి ఒక నకలు మిగిలే ప్రమాదం ఉంది. 2018లో ట్రస్టికో అనే విక్రయ సంస్థ తన వినియోగదారుల ప్రైవేటు కీలు సుమారు 23,000 డిజిసర్ట్‌కు ఈమెయిలులో పంపింది. విక్రేత దగ్గర అన్ని కీలు ఎందుకున్నాయన్నదే అప్పుడు లోకం వేసిన ప్రశ్న. ఆ ధ్రువపత్రాలన్నీ రద్దయ్యాయి. 2014 నాటి హార్ట్‌బ్లీడ్ లోపం సర్వర్ జ్ఞాపకంలోని కీలు బయటపడే దారి తెరిచినప్పుడు కూడా పాత కీలను వదిలి కొత్తవి తీసుకోవడమే మార్గమైంది.

క్లౌడ్ సంస్థలు కీని తామే ఉంచుకొంటామనడం కొత్త పరిణామం. అమెజాన్ 2016లో ప్రారంభించిన ధ్రువపత్ర సేవలో ప్రజావినియోగ ధ్రువపత్రాల కీలను వినియోగదారు చేతికి ఇవ్వలేదు. 2025లో రుసుముపై ఎగుమతికి వీలు కల్పించింది. అచ్చు రాజు దగ్గర కాక కోటను అద్దెకిచ్చినవాడి దగ్గర ఉండటమంటే ఇదే. సౌకర్యం నిజమే, కాని కోట మారేనాడు అద్దెదారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

6. గ్రంథాలయం, చిరునామా

వేటపాలెంలో 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి నెలకొల్పిన సారస్వత నికేతనం ఆంధ్ర గ్రంథాలయోద్యమ చరిత్రలో ముఖ్యమైన సంస్థ. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. అటువంటి గ్రంథాలయం ముద్ర ఉన్న పాత పుస్తకాన్ని చేతిలోకి తీసుకొన్న పరిశోధకుడు దాని ప్రామాణ్యాన్ని వేరే అడగడు. ముద్ర, భవనం, అల్మరా, గ్రంథపాలకుడు కలిసి ఆ ధైర్యాన్నిస్తాయి. అదే పుస్తకం తెరమీదికి వచ్చినప్పుడు ఆ నలుగురి స్థానంలో ఒక చిరునామా, ఒక ధ్రువపత్రం నిలుస్తాయి.

ఈ మార్పిడి ఫలితం తెలుగు పరిశోధకులకు స్వానుభవమే. రాజ్ రెడ్డి ప్రోద్బలంతో మొదలైన పదిలక్షల పుస్తకాల పథకం నుంచి వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ భాగస్వామి. వేలాది తెలుగు పుస్తకాలు గ్రంథాలయాల రబ్బరు ముద్రలతో సహా స్కాన్ అయ్యాయి. తరువాత ఆ సర్వర్లు ప్రజలకు అందకుండా పోయాయి. పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్లుగా బతికాయి. ప్రతి దక్కింది గాని పేరు దక్కలేదు. సిద్ధాంత గ్రంథాల పాదసూచికలలో ఇచ్చిన పాత చిరునామాలు ఇప్పుడు ఎక్కడికీ తీసుకుపోవు. చిరునామాపై హక్కు, దాన్ని నిరూపించే కీ ఎవరి చేతిలో ఉన్నాయన్నది పుస్తకాలు ఎక్కడున్నాయన్న దానికన్నా భిన్నమైన ప్రశ్న. పథకాల రూపకల్పనలో మొదటిదాని కోసం ఒక పేజీ కూడా కేటాయించకపోవడం విచారకరం.

ఇకమీద ఈ ప్రశ్న మరింత తరచుగా ఎదురవుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివరి నుంచి ఉచితంగా ఇస్తూ వచ్చిన ధ్రువపత్రాల గడువు 90 రోజులు. 2025 ఏప్రిల్‌లో బ్రౌజరు, ధ్రువీకరణ సంస్థల వేదిక తీసుకొన్న నిర్ణయం ప్రకారం వెబ్ ధ్రువపత్రాల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చి 15 నాటికి 47 రోజులు. పునర్జారీ యంత్రాల పని అవుతుంది. ఆ యంత్రానికి ఆజ్ఞ ఇచ్చే ఖాతా ఎవరి పేరిట ఉంది, ఆ వ్యక్తి బదిలీ అయితే లేదా పదవీ విరమణ చేస్తే సంకేతపదం ఎవరికి అప్పగించాలి అన్నవి మాత్రం కార్యాలయపు అప్పగింతల పుస్తకంలో బీరువా తాళాల పక్కనే రాసిపెట్టుకోవలసిన పద్దులు.