మడత కెమెరా, మన్యపు ముఖములు

గాజుపలకల కెమెరాతో అడవికి పోవుట ఒకప్పుడు చిన్న దండయాత్రవంటిది. పెట్టె, ముక్కాలి స్టాండు, బరువైన పలకలు మోయుటకు మనుష్యులు కావలెను. పలక పగిలినచో చిత్రము పోయినట్లే.

ఈ భారమును దించినది చుట్టఫిల్ము. 120 సంఖ్యగల చుట్టను 1901లో అమెరికాలోని కొడాక్ సంస్థ తెచ్చినది. దానికి తగిన మడత కెమెరాలను తీర్చుటలో జర్మనులు ఆరితేరిరి. 1926లో నాలుగు సంస్థలు కలిసి డ్రెస్డెన్ నగరమున త్సైస్ ఐకాన్ ఏర్పడెను. 1929లో దాని ఐకాంటా వెలువడెను. మూత తెరచినంతనే తోలుతిత్తి సాగి కటకము ముందుకు వచ్చి నిలుచును. మూసినచో కోటుజేబులో ఇముడును. కెమెరానుబట్టి చుట్టకు 8 మొదలు 16 చిత్రములు వచ్చును.

ఆ చేతి కెమెరాల కాలముననే మన భద్రాచలమునకు దిగువనున్న పాపికొండలలోని కొండరెడ్ల జీవితము చిత్రములకెక్కినది. 1940 దశకపు తొలినాళ్ళలో ఆస్ట్రియా దేశీయుడు హైమెండార్ఫ్ అచ్చట పరిశోధించి, 1945లో గ్రంథము ప్రకటించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు నేడు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యాసంస్థలో ఉన్నవి. పోలవరము ముంపు ఆ తీరమున పెక్కు పల్లెలను కదలించినది. నీరు నిలిచినచోట చిత్రమే సాక్షి.

మరి మన ఇండ్లలోని సాక్ష్యముల మాటేమి? అటకమీద పాత మడత కెమెరా దొరకినచో మనము తొందరపడి వెనుకమూత తెరువరాదు. ఎర్రకిటికీలో అంకె కనబడినచో లోపల ఫిల్ము ఉన్నట్లే. వెలుతురు సోకినచో అది చెడును. చీకటిగదిలో తీయించి కడిగింపవలెను. అందు ఏ తాతగారి ముఖమో, మునిగిన ఏ రేవో నిలిచియుండవచ్చును.